రెండో చరణంలో నవ్వు

సౌండు స్టూడియో, వెనక గది
వానలు మొదలయ్యాయి

అత్తా,

ఫోన్ చేద్దామంటే, ఆపరేషనయ్యాక మాట్లాడకూడదని కబురు పెట్టావు. మెసేజీ పెడితే ఆ చిన్న అక్షరాలు కనపడవన్నావు. కళ్ళద్దాల కొట్టు నడిపే మనిషి అనాల్సిన మాటేనా అది? సరే, నీ పంతమే నెగ్గింది. కాలేజీ పరీక్షల తర్వాత పెన్ను పట్టుకోవడం ఇదే మొదలు. నా కోడిగీతలు చూసి నవ్వితే మళ్ళీ రాయను, ముందే చెబుతున్నా.

మెడ మీద కుట్లు మానాయా? గొంతు ఎప్పటికి వస్తుందన్నారు? మామయ్యని అడిగితే "బాగానే ఉందమ్మా" అంటాడు. నీ గురించి అడిగినా, కొట్టు గురించి అడిగినా, వాన గురించి అడిగినా ఆయన దగ్గరున్నది అదొక్కటే జవాబు. అందుకని నువ్వే రాయి.

ఇక్కడ నాకో సరదా పని తగిలింది. పాత సినిమా ఒకటి బాగుచేసి మళ్ళీ థియేటర్లలో వేస్తున్నారు. గీతలు పడ్డ బొమ్మ పక్క గదివాళ్ళ వంతు, గరగరలాడే శబ్దం నా వంతు. గిటార్లూ డ్రమ్ములూ పెట్టి తీసిన కుర్రకారు సినిమా. పాటలు బోలెడు. ఒకదాంట్లో విలన్ మనుషులు ఐసు ఫ్యాక్టరీలో వణుక్కుంటూ డాన్సు చేస్తారు. ఇంకోదాంట్లో హాస్యనటుడు ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాడు, దాని వైరు ఎక్కడా తగిలించి ఉండదు. హీరో మోటారు సైకిలు మీద పోతూ పాడే పాట కూడా ఉంది, అందులో హీరో కంటే సైలెన్సరే శ్రుతిలో ఉంటుంది. వీటన్నిటినీ జనం మర్చిపోయారు, మర్చిపోయి మంచి పని చేశారు. మిగిలింది ఒక్కటే. "ఆగిన బస్సులో కిటికీ సీటు నాది." ఆ పాట తెలియనివాళ్ళు ఉంటారా? మా కాలేజీ టూరు బస్సు కదిలిందంటే చాలు, వెనక సీట్లోంచి ఎవరో ఒకరు అందుకునేవారు. ఇంట్లోంచి వచ్చేసిన హీరోయిన్, ఎటు పోవాలో తెలియక, ఖాళీ డిపోలో ఆగి ఉన్న బస్సెక్కి కూర్చుని పాడుకుంటుంది.

అసలు తమాషా ఇక్కడుంది. క్యాసెట్టులో మనమంతా విన్నది పెద్ద గాయని గొంతు. టైటిల్సులో పేరూ ఆవిడదే. కానీ సినిమా రీలు పెట్టి వింటే ఆవిడ కాదు! ఎవరో అమ్మాయి. సన్నటి గొంతు, అంచుల్లో కాస్త గరుకు. పల్లవికి ముందు ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపిస్తోంది. రెండో చరణం మధ్యలో ఏమైందో ఏమో, ఫక్కున నవ్వేసింది. సరిగ్గా అక్కడే డ్రమ్ము దెబ్బ ఒకటి తేడాగా పడింది, కర్రతో కాకుండా దేనితోనో చరిచినట్టు. ఇది ట్రాకు అయి ఉంటుంది. ట్రాకు అంటే నీకు తెలియదేమో. పెద్ద గాయని తీరిక చేసుకుని వచ్చేలోగా, షూటింగు ఆగకుండా ఎవరిచేతో ముందు పాడించి పెట్టుకుంటారు. ఆ తర్వాత ఆ గొంతు తీసేసి అసలు గొంతు వేస్తారు. వీళ్ళు ఆ వెయ్యడం మర్చిపోయినట్టున్నారు.

ఆ మర్చిపోయిన పని ఇప్పుడు నా చేతికొచ్చింది. అప్పటి నిర్మాత మనవరాలు మా దగ్గరికొచ్చి, "జనం హాల్లో కలిసి పాడాలండీ. వాళ్ళకి తెలిసిన గొంతు వెయ్యండి" అంది. వేసేస్తాను, అదెంత పని.

నాన్న ఆ రోజుల్లో సినిమాలకి డ్రమ్స్ వాయించేవాడు కదా. ఏ పాటకి నాన్నా అంటే "చాలావాటికి" అని తప్పించుకునేవాడు. దీనికేమైనా వాయించాడా? నీకు పాటలంటే పడదని తెలుసు, కొట్లో రేడియో కూడా పెట్టనివ్వవు. అయినా నీ అన్నయ్య సంగతి కాబట్టి అడుగుతున్నా.

నీ గడుగ్గాయి


కళ్ళద్దాల కొట్టు, కౌంటరు వెనక

గడుగ్గాయీ,

నీ ఉత్తరం చదవడానికి కొట్లో ఉన్న అన్నిటికంటే పెద్ద నంబరు అద్దాలు పెట్టుకున్నాను. మామయ్య చూసి, మళ్ళీ కళ్ళకేమైనా వచ్చిందా అని కంగారుపడ్డారు.

కుట్లు మానాయి. గొంతుకి ఇంకా టైము పడుతుందన్నారు. నొప్పి లేదు. విసుగల్లా జనంతోనే. నాకు మాట రాదని తెలియగానే నాతో అరిచి మాట్లాడుతున్నారు. "పోయింది గొంతండీ, చెవులు కాదు" అని పలక మీద రాసి చూపిస్తే, దాన్ని కూడా అరిచి చదువుతున్నారు. గోడ మీద అక్షరాల చార్టు పక్కన నిలబడి బెత్తంతో చూపిస్తుంటే, ఎంత పెద్దవాళ్ళయినా చేతులు కట్టుకుని ఒప్పచెబుతున్నారు. ఆ ఒక్కటీ బాగుంది.

ఆ పాట సంగతి ఇంకొంచెం వివరంగా రాయి. ఆ అమ్మాయి నవ్వేది "టికెట్టు అడిగేవాడే లేడు" అన్న మాట అయ్యాకేనా? నవ్వాక మళ్ళీ అందుకునేటప్పుడు గొంతు కాస్త వణుకుతుందా? ఆ గొంతు ఉన్నది మూలన పడేసిన ఏదో టేపులోనా, నిజంగా సినిమాలోనేనా? అంటే, ఆ రోజుల్లో హాల్లో కూర్చున్న జనం విన్నది ఆ అమ్మాయినేనా? సరిగ్గా చూసి చెప్పు.

ఊరికే అడుగుతున్నాలే, పొద్దుపోక. ఆ గొంతు తీసెయ్యడానికి నీకు ఎప్పటిదాకా గడువుంది? మరీ తొందరపడకు.

మీ నాన్న సంగతి తర్వాత రాస్తాను. కొట్లోకి మనిషొచ్చాడు.

అత్త


సౌండు స్టూడియో, వెనక గది

అత్తా,

"టికెట్టు అడిగేవాడే లేడు" అయ్యాకే! నీకెలా తెలుసు? సినిమా చూశావా? పాటలంటే మొహం తిప్పుకునే మనిషివి, మళ్ళీ అందుకునేటప్పుడు వణుకుతుందని కూడా తెలుసా? వణుకుతుంది మరి. నవ్వు ఆపుకుంటూ పాడితే అలాగే ఉంటుంది. గొంతు సినిమాలోనే ఉంది, అనుమానం లేదు. రీలు మీద అచ్చయింది అదే. హాల్లో జనం విన్నదీ అదే.

ఇంకో సంగతి. అదెంత పని అని గొప్పలు పోయానా, పని మెడకి చుట్టుకుంది. పెద్దావిడ గొంతు తెచ్చి బొమ్మ మీద పెట్టాను. హీరోయిన్ పెదాలకి అతకడం లేదు. క్యాసెట్టు కోసం పాటని వేరే స్టూడియోలో, వేరే వాద్యాలతో, మొదటినుంచీ మళ్ళీ పాడించినట్టున్నారు. పెద్దావిడ ప్రతి మాటా నిండుగా, నెమ్మదిగా, పట్టుచీర మడత పెట్టినట్టు పాడింది. ఈ అమ్మాయి సగం మాట మింగేసి తర్వాతి మాట మీదికి దూకుతుంది. షూటింగులో హీరోయిన్ విన్నది ఈ అమ్మాయినే కాబట్టి ఆమె కూడా అలాగే దూకింది. నవ్వు దగ్గరైతే చెప్పక్కర్లేదు. హీరోయిన్ తల వెనక్కి వాల్చి, కిటికీ ఊచ పట్టుకుని, నిజంగానే నవ్వింది. ఆ సినిమా మొత్తంలో ఆమె బాగా చేసింది ఆ నవ్వొక్కటే.

అప్పట్లో ఎందుకు వదిలేశారో ఇప్పుడర్థమైంది. మర్చిపోలేదు, పెట్టి చూసి ఉంటారు. పెదాలు కలవలేదు, విడుదల తేదీ మీద పడింది, ఇలాగే పోనిమ్మన్నారు.

మనవరాలుగారికి చెప్పాను. "మొహం దగ్గరగా కనపడే ముక్కలు తీసేసి, బస్సూ వానా చూపించండి" అంది. నేనేదో నసిగితే, "ఎవరిదో తెలియని గొంతు కోసం అందరికీ తెలిసిన పాట పోగొట్టుకోమంటారా?" అంది. నెమ్మదస్తురాలే, మర్యాదగానే అడిగింది. సరేనని వచ్చేశాను. వచ్చే నెలలో మొదలుపెట్టాలి.

నిజం చెప్పనా, నాకు చేతులు రావడం లేదు. పొద్దున్నుంచీ అదే వింటున్నానేమో, ఆ అమ్మాయి నాకు బాగా తెలిసిన మనిషిలా అనిపిస్తోంది. ఎవరో, ఎక్కడుందో, అసలు బతికుందో లేదో.

గొంతు సంగతి డాక్టరేమన్నాడో రాయలేదు. ఈసారి ఎగ్గొట్టకు.

నీ గడుగ్గాయి


ఇల్లు, వెనక వరండా

బంగారు తల్లీ,

బతికే ఉంది. కళ్ళద్దాలు అమ్ముకుంటోంది.

కిందటిసారి కొట్లోకి మనిషొచ్చాడని రాశానే, ఎవరూ రాలేదు. ఇంక రాయలేక పెన్ను మూసేశాను.

ఇంటరు తప్పి ఇంట్లో కూర్చున్న రోజులు. అన్నయ్య డ్రమ్స్ వాయించే బృందంలో ట్రాకు పాడే అమ్మాయికి జ్వరం వచ్చింది. మీ నాన్న సంగతి తెలుసుగా, అడక్కుండానే చెయ్యెత్తే రకం. "మా చెల్లెలు పాడుతుందండీ" అనేశాడు. నేను గిన్నెలు తోముకుంటూ పాడటం తప్ప ఎక్కడ పాడానని? జడ కూడా వేసుకోనివ్వకుండా స్కూటరు మీద లాక్కుపోయాడు. గోడలకి పరుపులు కుట్టిన గది, చెవులకి పెద్ద పెద్ద డిప్పలు, మధ్యలో అద్దం. అద్దానికి అటువైపు అన్నయ్య. నేను భయపడినప్పుడల్లా కళ్ళెగరేసేవాడు. బయట షూటింగువాళ్ళ వ్యాను ఇంజను ఆపకుండా నిలబడి ఉంది, టేపు తీసుకుని పోవడానికి.

రెండో చరణంలో అన్నయ్య చేతిలో కర్ర జారింది. జారినది నేల మీద పడొచ్చుగా? ఎగిరి వెళ్ళి వయొలిన్ వాయించే పెద్దాయన చొక్కా జేబులో దిగబడింది. ఆయన వాయించడం ఆపలేదు. అన్నయ్యా ఆపలేదు. కర్ర లేకపోతే ఏం, చేత్తోనే ఒక్క చరుపు చరిచాడు. నేను నవ్వకుండా ఎలా ఉంటాను? అంతా అయ్యాక మళ్ళీ పాడతానని ఏడుపు మొహం పెట్టాను. సంగీత దర్శకుడు "ఎలాగూ తీసేసేదేగా, పట్టుకుపొండి" అని టేపు ఇచ్చేశాడు.

నీకు తేడాగా వినపడిన ఆ దెబ్బ మీ నాన్న అరచెయ్యి.

తర్వాత క్యాసెట్టు వచ్చింది. పెద్దావిడ పాడింది. ఎంత బాగా పాడిందో నీకు తెలుసు. నన్ను తీసేశారనుకున్నాను, తీసెయ్యడం న్యాయమే అనుకున్నాను. నాకు కోపమేమీ రాలేదు. ఆ గొంతు విన్నాక నాది నాకే నచ్చడం మానేసింది, అంతే. గిన్నెలు చప్పుడు లేకుండా తోమడం నేర్చుకున్నాను. అన్నయ్య మాత్రం, "ఒకసారి సినిమాకి పోయి రావే" అని ప్రాణం తీశాడు. నీ డ్రమ్ములు వినడానికి నేను టికెట్టు కొనాలా, పో అన్నాను. నిజం చెప్పేస్తే పోయేది. నేనే కనిపెట్టి ఎగిరి గంతెయ్యాలని వాడి సరదా. సినిమా వారంలో ఎత్తేశారు. ఆ తర్వాత వాడూ ఆ ఊసు ఎత్తలేదు. వాడికి తెలుసన్నమాట. ఇప్పుడు అడుగుదామంటే వాడు లేడు. నీ ఉత్తరం పట్టుకుని వరండాలో కూర్చుని వాణ్ణి తిట్టుకున్నాను, ఏడ్చాను, మళ్ళీ తిట్టుకున్నాను.

నువ్వేమీ మనసులో పెట్టుకోకు. వాళ్ళు చెప్పిన పని చెయ్యి. తీసెయ్. ఉద్యోగం మీదికి తెచ్చుకోకు. తీసే ముందు నాకొకసారి పంపగలవా? నన్ను నేను ఎప్పుడూ వినలేదు.

గొంతు గురించి, ఇంకొన్నాళ్ళు ఆగమన్నాడు డాక్టరు.

అత్త


సౌండు స్టూడియో, మెట్ల మీద కూర్చుని

అత్తా,

నీ ఉత్తరం చదివి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను. మొత్తం పాట పెట్టలేదు. ఆ ఒక్క చరుపు పెట్టుకుని విన్నాను. మళ్ళీ విన్నాను. చిన్నప్పుడు నేను అన్నం తినకుండా మారాం చేస్తే నాన్న బల్ల మీద అలాగే చరిచేవాడు, కోపంగా మొదలుపెట్టి తాళంగా మార్చేసేవాడు. ఆ చెయ్యే. దాన్ని "తేడాగా పడింది" అని రాశాను చూడు నీకు! కిందటి వారం దాన్ని సరిచేసి పక్కన వేరే దెబ్బ కూడా పెట్టి ఉంచాను. ఇవాళ తీసి పారేశాను.

పంపలేనత్తా. సినిమా విడుదలయ్యేదాకా ఒక్క ముక్క కూడా బయటికి పోనివ్వనని సంతకం పెట్టాను. నువ్వే ఇక్కడికి రా అని చెప్పడానికి మామయ్యకి ఫోన్ చేశాను. ప్రయాణం చెయ్యొచ్చా, గొంతు ఎప్పటికి బాగవుతుంది అని అడిగితే, "బాగానే ఉందమ్మా" అనలేదు. మొదటిసారి అనలేదు. నువ్వు వినకుండా కొట్టు బయటికి వచ్చాడు. తర్వాత అంతా చెప్పాడు.

గడ్డ నరాన్ని చుట్టుకుని ఉందని, రెండూ కలిపి తీసెయ్యక తప్పలేదని, గొంతు ఇక రాదని నీకు ఆపరేషన్ అయిన రెండో రోజే చెప్పారట. నాకేమో "టైము పడుతుంది", "ఇంకొన్నాళ్ళు ఆగమన్నాడు". నీకు నా దగ్గర కూడా దాపరికమేనా? నేనేమో కోడిగీతలనీ కళ్ళద్దాలనీ జోకులు వేసుకుంటూ కూర్చున్నాను.

నీ గొంతు ఈ లోకంలో ఇంకెక్కడా లేదు. పెళ్ళి వీడియోలో కూడా నువ్వు మూగనోము పట్టావు. మిగిలింది ఈ రీల్లోనే, అది చెరిపెయ్యమని నాకే చెప్పారు, చెరిపెయ్యమని నువ్వూ అంటున్నావు. నేను చెయ్యను. వచ్చే వారం మనవరాలుగారి దగ్గరికెళ్ళి, ఈ పాడింది మా అత్త, ఆవిడకి ఇప్పుడు గొంతు లేదు, ఇదొక్కటే మిగిలింది అని చెప్పేస్తాను. మనిషన్నాక కరగదా?

నీ మేనకోడలు


కళ్ళద్దాల కొట్టు, కౌంటరు వెనక

ఒసే పిల్లా,

ఈ ఉత్తరం అందేలోగా వెళ్ళి చెప్పేసి ఉంటే నాతో మాట్లాడకు. సరే, నేనే మాట్లాడలేను. నాకు రాయకు.

మామయ్య నాలుగు రోజుల నుంచి నా మొహం చూడకుండా తప్పించుకు తిరుగుతున్నారు. నీకు చెప్పేసినందుకు తిడతానని భయం. నోరు లేని పెళ్ళానికి ఇంత భయపడే మొగుణ్ణి నేనెక్కడా చూడలేదు. తిట్టలేదులే. ఒకందుకు నెత్తిమీద బరువు దిగినట్టుంది. అవును, రాదు. నీకు ఎందుకు చెప్పలేదంటే, కాగితం మీద రాస్తే అది నిజమైపోతుందని. ఇప్పుడు రాశాను. అయిపోయింది.

కూర కొనేటప్పుడు బేరమాడలేకపోతున్నాను. పొద్దున్నే మామయ్యని లేపడానికి గిన్నె మీద గరిటె కొడుతున్నాను. ఇవన్నీ అలవాటైపోతాయి. నిద్రలేవగానే ఏదో అనబోయి, అప్పుడు గుర్తొస్తుంది చూడు, అదొక్కటే కష్టంగా ఉంది.

నా మాట విను. కిందటిసారి రాసినట్టు "తీసెయ్" అని మళ్ళీ అనను. అనలేను. ఆ గొంతు ఉండాలని నాకు ఎంత ఉందో నీకు చెప్పలేను. అలాగని నా మెడ మీద కుట్లు చూపించి దాన్ని నిలబెట్టకు. ఆ మనవరాలు జాలిపడి ఒప్పుకుంటుంది. ఒప్పుకున్నాక ఆ పాట విన్నప్పుడల్లా, పాపం అనుకుంటుంది. ఆ గదిలో నేను పాపం కాదే. జడ వేసుకోకపోయినా, ఇంటరు తప్పినా, ఆ కాసేపు నేను పాపం కాదు. నవ్వుతూ పాడాను.

పాట బాగుంటే ఉంచమను. బాగుండకపోతే తీసెయ్యమను. ఎవరిదని అడిగితే తెలియదని చెప్పు. అంతా తేలాక కావాలంటే చెప్పుకో.

నా మాట దాటితే మీ నాన్న మీద ఒట్టు.

అత్త


సౌండు స్టూడియో, వెనక గది
వానలు వెనకబట్టాయి

అత్తా,

ఒట్టు పెట్టి చంపావు. వెళ్దామని చెప్పులేసుకున్న రోజే నీ ఉత్తరం వచ్చింది. విప్పేసి లోపలికొచ్చాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. ముందు ఆవిడ అడిగిన పాట అడిగినట్టు తయారుచేశాను. కావాలని చెడగొట్టలేదు, నమ్ము. నాకు చేతనైనంత బాగా చేశాను. పెద్దావిడ గొంతు, బస్సు, వాన, ఖాళీ డిపో, మొహం దూరం నుంచి. తర్వాత నీదీ నాన్నదీ. దుమ్ము మాత్రం దులిపి, ఊపిరీ నవ్వూ నాన్న చెయ్యీ ఎక్కడివక్కడ ఉంచాను. మనవరాలుగారిని పిలిచి పెద్ద తెర మీద రెండూ వేశాను.

మొదటిది వేసినప్పుడు ఆవిడ కాలు ఆడిస్తూ పాడుతోంది. "ఇదే కదా కావలసింది" అంది. ఇక అయిపోయిందనుకున్నాను. రెండోది పెట్టాను. పాడటం మొదలుపెట్టి, మాటలు ఒకచోట కుదరక ఆగిపోయింది. ఆ తర్వాత పాడలేదు. నవ్వు వచ్చినప్పుడు తనూ నవ్వింది, ఎందుకు నవ్విందో తనకే తెలిసినట్టు లేదు. పాట అయిపోయాక మళ్ళీ వెయ్యమంది. వేశాను. నీ మీద ఒట్టు, ఇదంతా జరుగుతున్నంతసేపూ నేను నోరు విప్పలేదు. నాలుక చివరిదాకా వచ్చింది. చేతులు ఒళ్ళో నొక్కి పెట్టుకుని కూర్చున్నాను.

ఆవిడ లేచి నీళ్ళు తాగి వచ్చి అంది: "పెద్దావిడ పాడితే పాట బాగుందండీ. ఈమె పాడితే ఆ పిల్ల బాగుంది. ఆ బస్సులో కూర్చున్న పిల్లకి నిజంగా ఎక్కడికి పోవాలో తెలియదు, అయినా నవ్వొస్తోంది. మొదటిదాంట్లో నాకది కనపడలేదు." జనం తిట్టుకుంటారేమో అంది. చివరికి, "సినిమాలో ఇది ఉంచండి. ఆఖర్న పేర్లు పడేటప్పుడు పెద్దావిడది వెయ్యండి. పాడుకునేవాళ్ళు అక్కడ పాడుకుంటారు" అంది.

అప్పుడడిగింది, "ఇంతకీ ఈమె ఎవరో తెలిసిందా?" అని.

అప్పుడు చెప్పానత్తా. చెబుతూ ఏడ్చేశాను. నువ్వు తిట్టినా సరే, ఏడ్చాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి, "పేరు వెయ్యాలి కదండీ మరి" అంది.

ఇంటిపేరు పుట్టింటిది వెయ్యనా, మామయ్యదా? వెంటనే రాయి.

నీ గడుగ్గాయి


కళ్ళద్దాల కొట్టు

గడుగ్గాయీ,

పుట్టింటిదే. పాడింది ఆ పిల్ల. మామయ్యని అడిగే చెబుతున్నాను. పక్కనే అన్నయ్య పేరు వెయ్యి. డ్రమ్స్ అని వేసి ఊరుకో, అరచెయ్యి సంగతి మన ముగ్గురికీ చాలు.

ఇంకేమీ రాయలేను ఇవాళ.

అత్త


ఇల్లు, వంటింటి బల్ల

నా బంగారు తల్లీ,

చూశాం. మొదటి రోజు, మధ్యాహ్నం ఆట. నువ్వు రాలేకపోయావని కోపం లేదు. నువ్వుంటే నీ ఏడుపు చూసుకోవడంతోనే సరిపోయేది.

ముందు ఆఖరుది చెబుతాను. పేర్లు పడేటప్పుడు పెద్దావిడ పాట వచ్చింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతూ పాడారు. అడ్డంగా నిలబడ్డవాళ్ళ మధ్యలోంచి మెడలు సాచి వెతుక్కుంటే మా పేర్లు కనపడ్డాయి, ఒకదాని పక్కన ఒకటి. అన్నయ్య పేరు చూడగానే మామయ్య గట్టిగా "అదిగో బావ!" అని అరిచారు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు ఇన్నేళ్ళకి తెలిసింది. ఆవిడ పాట కూడా చివరిదాకా విన్నాను. ఎంత బాగుందో. ఇన్నాళ్ళకి నా గొంతుతో పోల్చుకోకుండా విన్నాను.

ఇప్పుడు అసలుది. డిపోలో బస్సు కనపడగానే హాలంతా ఈలలు. అందరూ పాడటానికి తయారుగా ఉన్నారు. గిటారు మొదలైంది, వెనక వరసలవాళ్ళు అందుకున్నారు. అప్పుడు ఆ ఊపిరి వినపడింది. నాది. నా పక్కన ఎవరో కూర్చుని పీల్చినట్టు. పాట వచ్చింది. జనం గొంతులు ఆ మాటలకి అందక తడబడ్డాయి. వెనక సీటాయన, "ఇదెవరో పాడారేంటి, అసలుది కాదే" అన్నాడు. ఎవరో ఈల వేశారు, మంచి ఈల కాదు. లేచి వెళ్ళిపోదామా అని మామయ్య చెయ్యి పట్టుకున్నాను. ఆయన నన్ను కదలనివ్వలేదు.

మెల్లగా ఒక్కొక్కరే పాడటం మానేశారు. హాలు సద్దుమణిగింది. వాళ్ళకి నచ్చిందో, విసుగొచ్చి ఊరుకున్నారో నాకు తెలియదు, నీకు అబద్ధం ఎందుకు రాయాలి. నాకు మాత్రం ఆ చీకట్లో అద్దానికి అటువైపు అన్నయ్య కనపడుతున్నాడు. ఇప్పుడు జారుతుంది కర్ర, ఇప్పుడు జారుతుంది అనుకుంటున్నాను. చరిచాడు. ఆ పిల్ల నవ్వింది. ముందు వరసలో ఎవరో ఆడమనిషి కూడా నవ్వింది. వెనక సీటాయన కూడా చిన్నగా నవ్వాడు, నేను విన్నాను.

నేను ఏం చేస్తున్నానో నాకు అప్పుడు తెలిసింది. నోరు తెరిచి పాడుతున్నాను. ఎప్పుడు మొదలుపెట్టానో తెలియదు. గొంతులో గాలి కూడా కదలడం లేదు, కానీ పెదాలకి ఒక్క మాట కూడా తప్పడం లేదు. ఎక్కడ మింగానో అక్కడే మింగాను, ఎక్కడ దూకానో అక్కడే దూకాను. తెర మీద ఆ హీరోయిన్ పెదాలు కదుపుతోంది, ఇక్కడ నేను కదుపుతున్నాను, పాట మాత్రం నాదే వస్తోంది. ఆ కాసేపు నా గొంతు ఎక్కడికీ పోలేదే పిల్లా. నా నోట్లోంచే వచ్చింది.

చాలాసేపటికి మామయ్య వైపు తిరిగాను. ఆయన నన్ను పెళ్ళి చేసుకున్నాక నేను ఒక్క కూనిరాగమైనా తియ్యడం వినలేదు కదా. అంతసేపూ తెర వైపు చూడనే లేదు. నన్నే చూస్తూ వింటున్నారు.

మీ అత్త